ఇంగ్లీషులో టెన్సులు పన్నెండా, రెండా? మావాడికి ఒక మార్కు పోయింది

నిజాంపేట_నాన్న
మావాడు ఎనిమిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో "ఇంగ్లీషులో ఎన్ని టెన్సులు ఉన్నాయి?" అని ఒక మార్కు ప్రశ్న వచ్చింది. వీడు "రెండు" అని రాసి వచ్చాడు. సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో 12 అని రాశారు. అడిగితే "ఫ్యూచర్ టెన్స్ అనేదే లేదు నాన్నా, లింగ్విస్టులే చెప్పారు, వీడియోలో చూశా" అంటాడు. మా రోజుల్లో మూడు నాలుగుల పన్నెండు అని క్లాసులో గోడ మీద చార్టు ఉండేది. దాన్ని బట్టీ పట్టే ఉద్యోగం దాకా వచ్చాను. ఇప్పుడు బడికి పోయి గొడవ పడాలా, వీడికే రెండు తగిలించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. ప్లంబర్ వస్తానన్నాడు, అతని కోసం కూర్చుని ఇది రాస్తున్నా. ఎంత పొడుగు జవాబైనా చదువుతా.

అర్ధరాత్రి_టీ
తగిలించండి. ఒకటి పాస్టు, ఒకటి ప్రెజెంటు. ఫ్యూచర్ దానంతటదే బాగుపడుతుంది.

టీచరమ్మ_జడ్పీ
పద్దెనిమిదేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తున్నాను. పన్నెండే. సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. ఒక్కోటి మూడు కాలాల్లో. యూట్యూబు చూసి పేపరు రాస్తే నేనైనా సున్నానే వేస్తాను. పిల్లవాడి తెలివిని తప్పు పట్టట్లేదు, పరీక్షంటే ఏంటో వాడికి చెప్పాల్సింది మీరే.

ధాతువు_దొరికింది
బాబు రాసింది తప్పేం కాదు. నేను లింగ్విస్టిక్స్‌లో ఎం.ఏ. చేసి, ఇప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిములు చూసుకుంటున్నవాణ్ణి. చదివింది పనికొచ్చే సందర్భం పదేళ్ళకోసారి వస్తుంది, కాస్త భరించండి.

నిన్న, ఇవాళ, రేపు అనేది లోకంలో నడిచే కాలం. అది అన్ని భాషలవాళ్ళకీ ఒకటే. టెన్స్ అంటే ఆ కాలాన్ని చూపడానికి భాష వ్యాకరణంలో పెట్టుకున్న ఏర్పాటు. మనం రెండింటినీ 'కాలం' అనే అంటాం, తికమక అక్కడే మొదలు. ఇంగ్లీషువాళ్ళకీ ఆ టెన్స్ అనే మాట ఫ్రెంచి మీదుగా లాటిన్ 'టెంపుస్' నుంచి వచ్చింది. దానికీ అర్థం కాలమే. బెర్నార్డ్ కామ్రీ అనే ఆయన 1985లో టెన్స్ మీదే ఒక పుస్తకం రాశాడు. ఆయన లెక్కలో ఒక సంగతి కాలంలో ఎక్కడుందో వ్యాకరణమే చెబితే అది టెన్స్. 'మొన్న', 'ఎల్లుండి' లాంటి మాటలతో చెప్పుకుంటే కాదు.

ఇప్పుడు ఇంగ్లీషు క్రియని విడదీసి చూడండి. వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్. 'టేక్' లాంటి వాటికి 'టేకెన్' అని ఇంకో రూపం. వీటిలో కాలాన్ని బట్టి మారేది ఒక్క జతే: ఇటు వాక్, వాక్స్. అటు వాక్డ్. రేపటి కోసం విడిగా రూపమే లేదు. ఫ్రెంచివాడు 'పాడతాను' అనడానికి 'షాంత్రే' అని క్రియకే తోక తగిలిస్తాడు. ఇంగ్లీషువాడు పక్కింటి నుంచి 'విల్'ని తెచ్చి నిలబెట్టుకుంటాడు.

కంటిన్యువస్, పర్ఫెక్ట్ అనేవాటిని చాలామంది టెన్స్ అనరు, ఆస్పెక్ట్ అంటారు. పని ఎప్పుడు జరిగిందన్నది కాదు, ఆ పనిని మనం ఎలా చూస్తున్నామన్నది. మన 'తింటున్నాను' చూడండి. "ఇప్పుడు తింటున్నాను, తర్వాత చేస్తా" అంటాం. "నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను" అనీ అంటాం. రూపం అదే, రోజు మారింది. పని మధ్యలో ఉందని చెప్పడమే దాని ఉద్యోగం, ఎప్పుడన్నది కాదు.

కోడ్_కూలీ
పన్నెండు కూడా లెక్క తప్పే. నాలుగు స్విచ్చులు అనుకోండి. పాస్ట్ ఉందా లేదా, విల్ ఉందా లేదా, హావ్ ఉందా లేదా, బి-ఇంగ్ ఉందా లేదా. రెండు పవర్ నాలుగు, అంటే 16 రావాలి. మిగతా నాలుగు ఎక్కడికి పోయాయి? వుడ్ గో, వుడ్ బి గోయింగ్, వుడ్ హావ్ గాన్, వుడ్ హావ్ బీన్ గోయింగ్. చార్టు వేసినవాడికి గోడ సరిపోలేదేమో, వీటిని వదిలేశాడు. పాసివ్‌ని కూడా స్విచ్ అనుకుంటే 32.

అర్ధరాత్రి_టీ
ముప్ఫై రెండు పళ్ళు, ముప్ఫై రెండు టెన్సులు. దేవుడు ఊరికే ఇవ్వలేదు.

పాతచింతకాయ
ధాతువు గారూ, మీరు పెద్ద చదువు చదివారు, నేను రైల్వేలో రిటైరైనవాణ్ణి. కానీ "ఐ విల్ గో టుమారో" అన్నది ఫ్యూచర్ కాకపోతే మరేంటండీ? దాన్ని ప్రెజెంట్ అని నా చేత అనిపించలేరు. తోక తగిలిస్తే టెన్సూ, పక్కన నిలబెడితే కాదూ అంటే ఎలా? బండికి ఇంజను ముందున్నా వెనకున్నా బండే కదా.

ధాతువు_దొరికింది
ఇంజను పోలిక బాగుంది పాతచింతకాయ గారూ. నేనూ బండిలోనే చెప్తా. 'విల్'ది ఏ బోగీ అని చూడాలి. కెన్, మే, మస్ట్, షల్, విల్ అన్నీ ఒకే బోగీలో కూర్చుంటాయి. దేనికీ 'హి' వచ్చినప్పుడు చివర 'స్' చేరదు. రెండిటిని పక్కపక్కన పెట్టలేం, 'విల్ కెన్' అనం. "షి మే లీవ్ టుమారో" అన్నది కూడా రేపటి మాటే. మరి 'మే'ని ఫ్యూచర్ టెన్స్ అని ఎందుకనట్లేదు? విల్‌కి మాత్రమే ఎందుకీ మర్యాద?

ఇంకోటి. 'విల్'కి పాస్ట్ రూపం ఉంది, అదే 'వుడ్'. "హి సెడ్ హి వుడ్ కమ్." విల్ అన్నదే ఒక టెన్స్ అయితే టెన్స్‌కి మళ్ళీ పాస్ట్ టెన్స్ ఏమిటి?

పైగా 'విల్' రేపటి గురించే మాట్లాడదు. తలుపు చప్పుడైతే "దట్ విల్ బి ద పోస్ట్‌మన్" అంటారు. పోస్ట్‌మన్ ఇప్పుడే గుమ్మంలో ఉన్నాడు. అది ఊహ. మనమూ అంతే కదా? "ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు" అంటాం. 'ఉంటాడు' అన్నంత మాత్రాన రేపు చేరతాడని కాదు.

నిజాంపేట_నాన్న
ప్లంబర్‌కి ఫోన్ చేశా. "వచ్చేశా సార్, వచ్చేశా" అన్నాడు. వెనక నుంచి బస్సు కండక్టర్ కేక వినిపిస్తోంది. ఇది ఏ టెన్స్?

సీమ_సందు
మా పక్క అయితే "వస్తా ఉండా" అంటాడు. కనీసం అబద్ధం కాదు, ఎప్పుడో ఒకప్పుడు వస్తానే ఉంటాడు.

పాతచింతకాయ
'మే'లో అనుమానం ఉంది, 'మస్ట్'లో తప్పదనడం ఉంది. 'విల్'లో ఏముంది? "ఐ విల్ బి సెవెంటీ నెక్స్ట్ ఇయర్." ఇందులో నా ఇష్టమూ లేదు, ఊహా లేదు. బతికుంటే డెబ్భై వస్తాయి, అంతే. అచ్చమైన భవిష్యత్తు.

ధాతువు_దొరికింది
ఈ మాట అన్నది మీరొక్కరే కాదు, లింగ్విస్టుల్లోనూ చాలామంది అదే అంటారు. 'విల్' ఒకప్పుడు 'కోరుకోవడం' అనే అర్థమున్న మామూలు క్రియ. 'షల్' అంటే 'బాకీ ఉండటం'. ఆ పాత అర్థాలు అరిగిపోతూ వచ్చాయి. తమాషా ఏంటంటే నేను గొప్పగా చెప్పిన ఫ్రెంచి తోక కూడా ఒకప్పుడు విడి మాటే. లాటిన్‌లో 'పాడటం' పక్కన 'కలిగి ఉండు' అనే క్రియని పెట్టేవాళ్ళు. వాడగా వాడగా రెండూ అతుక్కుపోయాయి. అంటే పక్కన నిలబడ్డవాడు కొన్ని వందల ఏళ్ళకి ఇంటి మనిషి అవుతాడు. ఇంగ్లీషు విల్ ఇల్లరికానికి వచ్చాడు గానీ రేషన్ కార్డులో పేరు ఎక్కిందా లేదా అన్నదే తగువు.

పాతచింతకాయ
ఇది ఒప్పుకుంటా. అయినా నా లెక్కలో మూడు.

పాత_పుస్తకాల_పిచ్చి
ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గ్రామర్లు ఏరుకునే రోగం నాది. అందుకే ఇందులో వేలు పెడుతున్నా.

ఈ గొడవ మన పిల్లాడితో మొదలవలేదు. 1653లో జాన్ వాలిస్ అనే ఇంగ్లీషాయన తన భాషకి వ్యాకరణం రాశాడు. రాసింది లాటిన్‌లో. అందులోనే ఇంగ్లీషు క్రియకి ఉన్నవి రెండు టెన్సులే అని చెప్పాడు. ఈయన అసలు గణితం మనిషి, అనంతానికి మనం వాడే పడుకున్న ఎనిమిది గుర్తు ఈయనదే. అనంతానికి గుర్తు పెట్టినాయన టెన్సుల దగ్గరికొచ్చేసరికి రెండు దగ్గర ఆగాడు చూడండి.

తర్వాత 1795లో లిండ్లే మర్రే గ్రామర్ వచ్చింది. బళ్ళలో తెగ వాడారు. ఆయన లెక్క ఆరు. ఆరు ఎందుకంటే లాటిన్‌కి ఆరు ఉన్నాయి. లాటిన్ చొక్కాని ఇంగ్లీషుకి తొడిగారు, చేతులు పొడుగైతే మడత పెట్టారు. మన బడి చార్టులోని గళ్ళు కూడా ఆ కుట్టుపని సంతానమే. వీటిలో కంటిన్యువస్ వరసలు కలిపి పన్నెండు చేశారు.

కోడ్_కూలీ
అంటే రెండు, మూడు, ఆరు, పన్నెండు, పదహారు. ఇంకా పైకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ధాతువు_దొరికింది
ఉన్నారు. మైకేల్ హాలిడే. ఇంగ్లండులో పుట్టి సిడ్నీలో స్థిరపడ్డ పెద్దాయన. ఆయన లెక్క 36. ఆయన దృష్టిలో టెన్స్ అనేది ఒకసారి ఎంచుకుని వదిలేసేది కాదు, ఎంచుకున్నదాని మీద మళ్ళీ ఎంచుకోవచ్చు. రేపటికి వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి, అక్కడి నుంచి మళ్ళీ ముందుకి చూడొచ్చు. "హి విల్ హావ్ బీన్ గోయింగ్ టు బి వర్కింగ్" లాంటివి. 'గోయింగ్ టు'ని కూడా లెక్కలోకి తీసుకుంటే అలా పెరుగుతాయి. అలాంటి వాక్యం జీవితంలో ఎవరైనా అంటారా అంటే, అరుదుగా.

అర్ధరాత్రి_టీ
మా మేనేజర్ అంటాడు. అప్రైజల్ అప్పుడు.

నన్ను_అడక్కండి
ఇవన్నీ తెలిస్తే జీతం పెరుగుతుందా? అమీర్‌పేటలో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషుకి పోయా. మొదటి నెలంతా ఈ పన్నెండు గళ్ళే. గళ్ళన్నీ నింపడం వచ్చింది, నోరు తెరిస్తే మాట రాలేదు. ఇంటర్వ్యూలో "ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2016" అన్నా. అవతలివాళ్ళు ఏమీ అనలేదు గానీ తర్వాత తెలిసింది, ఏడాది చెప్పినప్పుడు 'హావ్' పెట్టకూడదట. పన్నెండూ వచ్చినవాడికి ఈ ఒక్కటి ఎందుకు రాలేదు?

టీచరమ్మ_జడ్పీ
@నన్ను_అడక్కండి, ఈ తప్పు మా స్టాఫ్ రూములో కూడా వినబడుతుంది, నేనూ అన్నాను. తెలుగులో "డిగ్రీ పూర్తి చేశాను" ఒక్కటే. ఇంగ్లీషులో అదే మాటకి రెండు దారులు. "చూడలేదు" అన్నదాన్ని 'డిడ్‌న్ట్ సీ' అనాలా, 'హావెన్ట్ సీన్' అనాలా అని పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు.

ధాతువు_దొరికింది
అసలు బంగారం అక్కడుంది టీచరమ్మ గారూ. దీన్ని బాగా విప్పినవాడు గ్రామర్ మనిషి కాదు, హాన్స్ రైకెన్‌బాక్ అనే ఫిలాసఫర్. 1947లో ఒక తర్కశాస్త్ర పుస్తకంలో కొద్ది పేజీలు టెన్సులకి ఇచ్చాడు. కాలానికి రెండు కాదు, మూడు మేకులు కొట్టాలన్నాడు. నేను మాట్లాడుతున్న క్షణం ఒకటి. పని జరిగిన క్షణం ఒకటి. ఆ పనిని ఎక్కడ నిలబడి చూస్తున్నానో ఆ క్షణం మూడోది.

'ఐ కంప్లీటెడ్ ఇన్ 2016' అంటే పని 2016లో జరిగింది, నేను కూడా ఊహలో 2016కే వెళ్ళి నిలబడి చూస్తున్నా. 'ఐ హావ్ కంప్లీటెడ్' అంటే పని ఎప్పుడో అయింది, నేను మాత్రం ఇక్కడే, ఇప్పట్లోనే నిలబడి చూస్తున్నా. అందుకే ఏడాది పెడితే గొడవ. ఇక్కడ నిలబడ్డానంటూనే 2016కి పోయి నిలబడితే ఎలా? 'హాడ్ కంప్లీటెడ్' అయితే మూడు మేకులూ మూడు చోట్ల. పని అన్నిటికన్నా వెనక, చూసే చోటు మధ్యలో, నేను ఇక్కడ.

ఈ మూడో మేకు వల్లే పర్ఫెక్ట్ దగ్గర పండితులు కొట్టుకుంటారు. 1985లో వచ్చిన క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌ల పెద్ద గ్రామర్ దాన్ని ఆస్పెక్ట్ అంది. 2002లో కేంబ్రిడ్జి తరఫున హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చినదేమో పర్ఫెక్ట్ కూడా టెన్సే, కాకపోతే రెండో వరస టెన్స్ అంది. ఫ్యూచర్ టెన్స్ లేదన్న మాట మీద మాత్రం ఇద్దరూ ఒకటే.

నన్ను_అడక్కండి
ఈ మేకుల సంగతి ఆ మూడు నెలల్లో ఒక్కరోజు చెప్పుంటే ఫీజు గిట్టుబాటయ్యేది.

లకారాల_తాత
మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు నాయనా. పాణిని సంస్కృత క్రియలకి పది లకారాలు, అంటే 'ల'తో మొదలయ్యే పది పేర్లు, పెట్టాడు. లట్, లిట్, లుట్, లృట్, లేట్, లోట్, లఙ్, లిఙ్, లుఙ్, లృఙ్. అన్నీ కాలాలు కావు. లోట్ ఆజ్ఞకి, లిఙ్ విధికి, లేట్ వేదంలోనే కనబడుతుంది. కాలం చూపే వాటిలో భూతానికే మూడు. జరిగి ఇవాళ్టిది కాకపోతే లఙ్. జరిగింది గానీ నేను కళ్ళారా చూడలేదంటే లిట్. మామూలుగా జరిగిపోయిందంటే లుఙ్. భవిష్యత్తులోనూ ఇవాళ కాకుండా తర్వాతైతే లుట్, మామూలుగా అయితే లృట్. ఒకే 'ల'కి అచ్చులూ హల్లులూ తగిలించి కాలాన్నీ, ఆజ్ఞనీ, కోరికనీ ఒకే పెట్టెలో సర్దాడు. ఇది కాలం చూపే టెన్సా, ఆజ్ఞా కోరికా చూపే 'మూడ్' అనేదా అని తల బాదుకోలేదు.

అట్లాంటా_అల్లుడు
తాతగారూ, చూడకుండా చెప్పేదానికి విడిగా టెన్సా? ఆ లిట్‌ని వాట్సాప్ ఫార్వర్డులకి తప్పనిసరి చేయాలి.

లకారాల_తాత
చేస్తే మీ గ్రూపులన్నీ లిట్‌లోనే నడుస్తాయి.

ధాతువు_దొరికింది
దూరాన్ని బట్టి భూతకాలాన్ని చీల్చడం ఇంకా చాలా భాషల్లో ఉంది. పెరూ అడవుల్లో యాగ్వా అని ఒక భాష. దానికి భూతకాలమే ఐదు మెట్లు. చీనీ భాషకేమో క్రియకి టెన్సే లేదు, 'లె' లాంటి ఆస్పెక్ట్ గుర్తులతో, నిన్న రేపు అనే మాటలతో నెట్టుకొస్తారు. వాళ్ళకి రైలు తప్పిపోవట్లేదు కదా.

లెస్టర్_లక్ష్మి
ఆలస్యంగా చూశాను. నిజాంపేట గారూ, మీవాడికి ఒక అస్త్రం ఇస్తున్నా. మేం ఉండేది ఇంగ్లండులో, మా అమ్మాయి ఇయర్ సిక్స్. ఇక్కడి ప్రభుత్వం 2013లో ఇచ్చిన నేషనల్ కరిక్యులం 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇంగ్లీషు సబ్జెక్టుకి దాంతోపాటు ఒక పదకోశం ఉంది. అందులో 'ఫ్యూచర్' అనే చోట, ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్‌లకి ఉన్నట్టు ఇంగ్లీషుకి విడిగా ఫ్యూచర్ టెన్స్ రూపం లేదని చెప్పారు. విల్, మే, గోయింగ్ టు, 'లీవ్స్ టుమారో' అన్నీ రేపటి గురించి చెప్పే దారులే అని వరసగా చూపించారు. కంటిన్యువస్ అనరు, ప్రోగ్రెసివ్ అంటారు. పర్ఫెక్ట్‌ని టెన్స్ అనరు, 'ఫామ్' అంటారు. ఇంగ్లీషు పుట్టిన చోట మీవాడికి ఆ మార్కు పడేది.

అట్లాంటా_అల్లుడు
అమెరికాలో పడదు. ఇక్కడ చాలా రాష్ట్రాలు తీసుకున్న కామన్ కోర్ అనే సిలబస్ ప్రమాణాల్లో నాలుగో తరగతికి ప్రోగ్రెసివ్ టెన్సులు, ఐదో తరగతికి పర్ఫెక్ట్ టెన్సులు అని అదే మాటతో ఉంది. మావాడికి నేర్పించింది అలాగే. కాబట్టి ఏ దేశం వీసా అన్నదాన్ని బట్టి మార్కు.

టీచరమ్మ_జడ్పీ
లక్ష్మి గారూ, అది నిజంగా అక్కడి ప్రభుత్వం చెప్పిందా? నేను వెతికి చదివాను. ఉంది. రెండు రోజులు మాట్లాడకుండా ఊరుకున్నది అందుకే. మన దగ్గర చార్టు చింపే అధికారం నాకు లేదు గానీ, నా సున్నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డెస్క్_కాకి
పేపర్ డెస్క్ మీద ముప్ఫై ఏళ్ళు హెడ్డింగులు పెట్టిన అనుభవంతో చెప్తున్నా. ఇంగ్లీషు పేపర్లో మంత్రి నిన్న రాజీనామా చేస్తే 'మినిస్టర్ రిజైన్స్' అని ప్రెజెంట్‌లో పెడతారు. రేపు రాబోతుంటే 'మినిస్టర్ టు విజిట్' అంటారు, విల్ గిల్ ఏమీ ఉండదు. మనం ఇంకా ఘనులం. 'నేడు సీఎం రాక'. క్రియే లేదు. క్రియ లేకపోతే టెన్స్ లేదు, టెన్స్ లేకపోతే సీఎం రాకపోయినా సవరణ వేయక్కర్లేదు.

వరంగల్_వాసి
అంతా ఇంగ్లీషు గురించే కొట్లాడుతున్రు. తెలుగుకి ఫ్యూచర్ టెన్స్ ఉందా మరి? "రేపు వస్తా" అంట. "రోజూ వస్తా" అని కూడా అంట. రూపం ఒక్కటే కద?

ధాతువు_దొరికింది
వరంగల్ వాసి అసలు దారం లాగాడు. ఈ దారం చివర అదే ఉందని రెండు రోజులుగా చూస్తున్నా, ఎవరూ అడగలేదు.

'వచ్చాను' ఒకవైపు. 'వస్తాను' ఇంకోవైపు. ఆ రెండోది రేపటికీ, అలవాటుకీ ఒకటే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు, గ్విన్ అనే ఆయన కలిసి 1985లో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో దీన్ని ఫ్యూచర్-హ్యాబిచువల్ అని జంట పేరుతోనే పిలిచారు. వ్యతిరేకంలోనూ అంతే. 'రాను' అంటే రేపు రాను, అసలు ఎప్పుడూ రాను, రెండూ. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వర్తమానం, భూతం, భవిష్యత్తుతో పాటు 'తద్ధర్మం' అని, అలవాటునీ స్వభావాన్నీ చెప్పే నాలుగోది పెట్టాడు కదా, 'వండును' లాంటివి. భవిష్యత్తుకి 'వండగలడు'. ఇవాళ 'వండగలడు' అంటే వండే సామర్థ్యం ఉందనే అర్థం. ఇంగ్లీషు విల్ కథకి తిరగేసిన కథ. అక్కడ కోరిక కాస్తా భవిష్యత్తు అయింది, ఇక్కడ భవిష్యత్తు రూపం సామర్థ్యం దగ్గర తేలింది.

కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అనుకునే మూల ద్రావిడానికి కూడా భూతం, భూతం కానిది అని రెండే టెన్సులు ఊహించారు. ఇంగ్లీషు పుట్టిన జర్మానిక్ కుటుంబానికీ మొదట్లో క్రియరూపంలో ఉన్నవి రెండే. ఇద్దరికీ చుట్టరికం లేదు, లెక్క మాత్రం కలిసింది.

పాతచింతకాయ
ఇది బాగా తగిలింది. డెబ్భై ఏళ్ళు ఫ్యూచర్ టెన్స్ లేని భాషలో బతికి, ఇంగ్లీషుకి ఉండి తీరాలని మూడు రోజులు పోట్లాడాను.

చీటీపాట_చిట్టెమ్మ
అయితే నాకు లాభమే. ఎక్కడో చదివా, భాషలో ఫ్యూచర్ టెన్స్ లేనివాళ్ళు డబ్బు ఎక్కువ దాస్తారట. రేపు కూడా ఇవాళ్టిలాగే కనబడుతుంది కాబట్టి. మన చీటీల గుట్టు ఇదేనా?

ధాతువు_దొరికింది
చిట్టెమ్మ గారూ, అది కీత్ చెన్ అనే ఆర్థికవేత్త 2013లో రాసిన పేపరు. పెద్ద సంచలనం. తర్వాత 2015లో ఆయనే ఇంకో ఇద్దరితో కలిసి మళ్ళీ చూస్తే, భాషల మధ్య చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ సంబంధం బాగా బలహీనపడింది. అక్కాచెల్లెళ్ళందరూ ఒకేలా పొదుపు చేస్తే అది ఇంటి అలవాటు కావచ్చు, భాష మహిమ కానక్కర్లేదు.

చీటీపాట_చిట్టెమ్మ
మా ఇంట్లో ముగ్గురం అక్కాచెల్లెళ్ళం, ఒకే భాష. చిన్నది చీటీ పాడుకుని మూడు నెలలుగా కట్టట్లేదు. "కడతా అక్కా" అంటుంది. ఇప్పుడు అర్థమైంది, అది తద్ధర్మం.

నిజాంపేట_నాన్న
శనివారం పేరెంట్స్ మీటింగ్ అయింది. గొడవ పడలేదు, లక్ష్మి గారు చెప్పిన పేజీ ప్రింటు తీసి చూపించా. ఆ టీచర్ చిన్న వయసు అమ్మాయి. చదివి నవ్వేసింది. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిపోయాయి, మార్చడం కుదరదంది. వచ్చేసారి ప్రశ్నలో "మీ పుస్తకం ప్రకారం" అని కలుపుతానంది. వీడేమో బయటికొచ్చాక "అయితే నా మార్కు పాస్ట్ టెన్సేనా" అన్నాడు. వాడికి పన్నెండు గళ్ళు కూడా నేర్పిస్తున్నా, ఎందుకైనా మంచిదని. కోడ్_కూలీ గారి నాలుగు స్విచ్చులతో చెప్తే పది నిమిషాల్లో పట్టేశాడు, చార్టుతో నాకు నెల పట్టింది.

కోడ్_కూలీ
వుడ్ గళ్ళు కూడా నేర్పించండి. వాటికి మార్కులు రావు గానీ పాపం అనాథలు.

టీచరమ్మ_జడ్పీ
నేనూ ఒకటి చేసి చూశాను. తొమ్మిదో తరగతిలో టెన్స్ అనే మాటే ఎత్తకుండా, "రేపు ఊరెళ్తున్నారు, ఎన్ని రకాలుగా చెప్పగలరో ఇంగ్లీషులో రాయండి" అన్నాను. 'ఐ విల్ గో', 'ఐ యామ్ గోయింగ్', 'ఐ యామ్ గోయింగ్ టు గో', 'మై బస్ లీవ్స్ ఎట్ సిక్స్', 'ఐ మే గో'. అరగంటలో ఐదు వచ్చాయి. చార్టులో ఫ్యూచర్ వరసలో ఉన్నది వీటిలో ఒక్కటే. చివరి బెంచీ అమ్మాయి మాత్రం ఒకటే రాసింది: 'టుమారో నో స్కూల్ మేడమ్.'

డెస్క్_కాకి
ఆ అమ్మాయిని డెస్క్‌కి పంపండి.

సీమ_సందు
అదంతా సరే, నిజాంపేట అన్నా, ప్లంబర్ వచ్చినాడా?

నిజాంపేట_నాన్న
రెండుసార్లు వచ్చేశాడు, ఫోన్లో. కొళాయి కారుతూనే ఉంది.